ఒంటిగాలి ఎక్కం

మా ముత్తాత వరప్రసాదం పిరికివాడు. ఈ మాట చెప్పడానికి మా ఇంట్లో ఎవరూ సిగ్గుపడరు. కొన్ని ఇళ్లలో తాతల పేరు చెప్పి మీసం దువ్వుకుంటారు; పులిని చంపాడంటారు, కలెక్టరుకు ఎదురు చెప్పాడంటారు. మా వాడు కప్ప ఎగిరితే గట్టు దిగిపోయిన మనిషి. కుక్క మొరిగితే సందు మార్చేవాడు. ఉరుము వినిపిస్తే బాప్తిస్మానికి ముందు అర్జునా ఫల్గుణా అనేవాడట, ఆ తర్వాత యెహోవా అనేవాడట. వణుకు మాత్రం ముందూ వెనకా ఒకటే.

అలాంటి మనిషి బతుకు మొత్తంలో ఒకే ఒక్కసారి బావిలోకి దిగాడు. ఎందుకు దిగాడో, ఎలా పైకొచ్చాడో మా అవ్వ దేవకమ్మ చెప్పేది. ఆమె ఆయన కోడలు, ముసలితనంలో ఆయనకు అన్నం పెట్టిన మనిషి. నేను రిటైరయ్యేదాకా ఉదయగిరిలో హైస్కూలు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను. సమీకరణాలు తుల్యం చేయడం చెప్పే రోజు వచ్చిందంటే ఆ బావి గుర్తొచ్చి, చేతిలో చాక్‌పీసు పట్టుకొని బోర్డు ముందు కాసేపు నిలబడిపోయేవాణ్ణి. సారుకు పాఠం మరుపొచ్చిందని పిల్లలు నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ అనుకునేవాణ్ణి.

ఉదయగిరి కొండకింద, సీతారామపురం పోయే దారిలో ఒక పల్లె వాళ్లది. ఆయన తండ్రి పిచ్చయ్య బావులు తవ్వేవాడు. ఆ నేలలో కాస్త లోతు పోగానే బండ తగులుతుంది. ఆ బండను పగలగొట్టి నీళ్లు చూపించడమే వాళ్ల తాతముత్తాతల నుంచీ పని. పిచ్చయ్య భార్య పురిట్లోనే పోయింది. మిగిలింది ఒక్క కొడుకు, పేరు మునెయ్య. వాడికి కాస్త వయసొచ్చాక పని నేర్పుదామని గంపలో కూర్చోబెట్టి బావిలో సగం లోతు దించితే, వాడు పెట్టిన కేకకు పైనున్న ఎద్దులు బెదిరి పలుపులు తెంచుకున్నాయట. పిచ్చయ్య ఎద్దుల్ని వెతుక్కొచ్చి కట్టేసి, వీడు బావికి పనికిరాడు, బడికేమైనా పనికొస్తాడేమో చూద్దామని ఉదయగిరిలో మిషన్ వాళ్ల బడిలో వేశాడు. చదువు మీద మోజుతో బడికి పోయినవాళ్లను చాలామందిని చూశాను. బావి మీద భయంతో పోయినవాడు నాకు తెలిసి ఈయనొక్కడే.

బడిలో బాప్తిస్మమిచ్చి వరప్రసాదం అని పేరు పెట్టారు. పిచ్చయ్య నోటికి ఆ పేరు తిరగలేదు. ఆయనకు కడదాకా మునెయ్యే.

ఇంతలో ధాత నామ సంవత్సరపు కరువు వచ్చిపడింది. వానలు లేవు, గడ్డి లేదు, గొడ్లు ఎక్కడివక్కడ పడిపోయాయి. మనుషులు మూటలు కట్టుకొని దారులు పట్టారు. తండ్రీకొడుకులు కూడా పల్లె వదిలి ఆత్మకూరు చేరారు. అక్కడ సర్కారు చెరువుకట్ట పని పెట్టింది. పిచ్చయ్య మట్టి మోసేవాడు. మా వాడికి అప్పటికి మీసాలు వస్తున్నాయి. ఉదయగిరి బడి పెద్దలు ఒక మాట చెబితే ఆత్మకూరు ఇంగ్లీషు బడిలో పై క్లాసులో చేర్చుకున్నారు.

ఆ బడిలో మధ్యాహ్నం పూట పిల్లలకు రాగిముద్ద పెట్టేవాళ్లు. అసలు సంగతి అక్కడుంది. పాఠం రానివాణ్ణి పై క్లాసులోంచి తీసేసేవాళ్లు, తీసేస్తే ముద్ద కూడా లేదు. ఆ జాగా కోసం గేటు దగ్గర ఎందరో ఎదురుచూస్తూ ఉండేవాళ్లు. మా వాడు ముద్దలో సగం తిని, మిగతా సగం గుడ్డలో కట్టుకొని నాయనకు తెచ్చేవాడు. చెరువుకట్ట దగ్గర పెట్టే గంజి పిచ్చయ్య ఒంటికి ఏ మూలకూ చాలదు. అంటే పాఠం తప్పితే రెండు కడుపులు మాడతాయన్నమాట. పరీక్షంటే భయమని ఇప్పటి పిల్లలు నాతో చెబుతుంటే పాపం అనుకునేవాణ్ణి గానీ, లోపల్లోపల నాకు ఆ రాగిముద్దే మెదిలేది.

పై క్లాసు అయ్యవారి పేరు రామనారాయణ. మద్రాసులో చదువుకొని వచ్చినవాడు. వస్తూ వస్తూ ఒక చెక్కపెట్టె నిండా సీసాలు తెచ్చాడు. ఒక సీసాలోది చుక్క వేస్తే నీలం కాయితం ఎర్రబడేది. ఇంకొకటి రాతిమీద పడితే సుయ్యిమని నురగ వచ్చేది. ఆయన పంచె అంచు నిండా ఆ చుక్కలు పడి తిన్న తూట్లే. మా వాడు ఆ పెట్టెకు దూరంగా గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. క్లాసులో అందరికీ కలిపి ఉన్నది ఒకే పుస్తకం, అదీ అయ్యవారిది. అందుకని ఆయన రసాయనశాస్త్రాన్ని కూడా ఎక్కాల్లాగా వల్లె వేయించేవాడు.

బొగ్గు కాలడం గురించి ఆయన చెప్పిన పాఠం ఇది. మంటకు కావలసిన గాలి ఎప్పుడూ కాడికి కట్టిన ఎద్దుల్లా జోడుగా తిరుగుతుంది. గాలి దండిగా ఉంటే ఒక్కొక్క బొగ్గు ఒక్కొక్క జోడును కలుపుకుంటుంది. అది జోడుగాలి. బొగ్గు ఎక్కువై గాలి కరువైతే, ఒక్క జోడును రెండు బొగ్గులు చెరొకటి పంచుకుంటాయి. అది ఒంటిగాలి. ఇవాళ మనం కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ అనేవి ఇవే. ఎక్కం ఇలా ఉండేది:

బొగ్గు ఒకటి, గాలి జోడు, జోడుగాలి ఒకటి.
బొగ్గు రెండు, గాలి జోడు, ఒంటిగాలి రెండు.

మొదటి వరుస మా వాడికి వచ్చేది. రెండోది నోటికొచ్చేసరికి ఎక్కడలేని భయమూ వచ్చి, "బొగ్గు ఒకటి, గాలి జోడు, ఒంటిగాలి ఒకటి" అనేసేవాడు.

రామనారాయణ అయ్యవారు కొట్టేవాడు కాదు. కొడితే ఏడ్చి ఊరుకోవచ్చు. ఆయన చాలా నెమ్మదిగా, "ఏమోయ్ వరప్రసాదం, కాడికి రెండెద్దులు కట్టుకొని పోయావు. ఒకటే ఇంటికొచ్చింది. రెండోదాన్ని ఎక్కడ పోగొట్టావు?" అని అడిగేవాడు. అడిగి, జవాబు వచ్చేదాకా అలాగే చూస్తూ కూర్చునేవాడు. మా వాడి చెమట నేలమీద పడేది.

"మాయమైందండీ," అన్నాడట ఒకరోజు.

"మాయం కావడమనేది ఈ శాస్త్రంలో లేదు," అన్నాడు అయ్యవారు. "పొయ్యిలో పడ్డది బూడిదన్నా కావాలి, గాలన్నా కావాలి. నీ లెక్కలో కనబడలేదంటే ఎక్కడో నక్కి ఉందన్నమాట. అలా నక్కిన ఒంటిగాలి ఎలాంటిదో చెబుతాను విను. జోడుగాలి మంచిది, దీపాన్ని ఆర్పి నీకు చెబుతుంది. ఒంటిగాలి చెప్పదు. రంగు లేదు, వాసన లేదు. దీపం నిక్షేపంగా వెలుగుతుంటుంది. నీకు తల నొస్తుంది, గుండె దడ పుడుతుంది, కాళ్లు తేలిపోతాయి, హాయిగా నిద్రొస్తుంది. మద్రాసులో ఒక ఇంట్లో వానకు తలుపులన్నీ మూసుకొని కుంపటి పెట్టుకొని పడుకున్నారు. తెల్లారి తలుపు పగలగొట్టి చూస్తే ఒక్కరూ లేవలేదు."

ఈ మాట విన్న తర్వాత మా వాడు కుంపటి ఉన్న ఇంటి గడప తొక్కలేదు. రోజూ చీకటి పడే వేళ గుడిసె ముందు కూర్చొని ఆ ఎక్కం వల్లె వేసేవాడు. తప్పు పోతుందేమోనన్న భయంతో తప్పు పోయేది, మళ్లీ మొదటికి వచ్చేవాడు. పిచ్చయ్య మట్టి మోసి మోసి వచ్చి, లోపల అటు తిరిగి పడుకొని ఉండేవాడు. నాయన నిద్రపోయాడనే అనుకునేవాడు మా వాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో పల్లె నుంచి కబురొచ్చింది. ఊరి పెద్దకాపు మాలకొండయ్య పంపాడు. ఊళ్లో ఉన్న ఒక్క బావీ ఎండిపోయిందనీ, అడుగున బండ పడిందనీ, పిచ్చయ్య వచ్చి పగలగొడితే తప్ప ఊరు ఖాళీ చేయడమేననీ. అయ్యవారిని బతిమాలుకొని మా వాడు కూడా నాయన వెంట నడిచాడు. కరువు రోజుల్లో ఒంటరిగా దారి నడిచినవాళ్లు గమ్యం చేరతారని నమ్మకం లేదు. నాయనను ఒంటరిగా పంపడానికి భయం, తాను ఆత్మకూరులో ఒంటరిగా ఉండడానికి అంతకన్నా భయం.

వాళ్లు పోయేసరికి బావి చుట్టూ ఊరు ఊరంతా ఉంది. ఆడవాళ్లు కడవలు పట్టుకొని కూర్చున్నారు. పిల్లలకు ఏడవడానికి కూడా ఓపిక లేదు. మాలకొండయ్య పిచ్చయ్యను చూసి లేచి వచ్చాడు.

"నువ్వు వచ్చేలోగా మా పని మేం చేసినాం," అన్నాడు. "మనోడొకడు దిగి కళ్లు తిరిగి పడినాడు. గాలి సోకింది వాడికి. పాతబడిన బావి గదా, ఏదో పట్టుకోని ఉండాది లోపల. అందుకని గంపల్తో బొగ్గు దించి నిప్పు ఏయించినాను. మంట పెడితే బండా పగులుతాది, గాలీ పారిపోతాది. ఒక దెబ్బకు రెండు పనులు."

బండను కాల్చి పగలగొట్టడం ఆ వైపు పాత పద్ధతే. వేడికి రాయి బీటలు వారితే సుత్తి సులువుగా దిగుతుంది. గాలి అంటే దెయ్యమనీ, నిప్పుకు దెయ్యం జడుస్తుందనీ అనుకోవడం కూడా ఎప్పటినుంచో ఉన్నదే. రెండూ కలిపి చేయడం మాలకొండయ్య తెలివి.

"నిప్పు తొందరగా ఆరిపోకుండా పైన మట్టి కప్పించినాను," అన్నాడు ఇంకా. "నిన్నంతా రగిలి రగిలి ఇప్పటికి ఆరింది. దిగరా పిచ్చయ్యా."

తాడుకు దీపం కట్టి లోపలికి వదిలారు. అది అడుగుదాకా పోయి, బండమీద నిలబడి, చక్కగా వెలుగుతూ ఉంది. జనం ఊపిరి పీల్చుకున్నారు. పిచ్చయ్య గోచీ బిగించి సుత్తి చేతికి తీసుకున్నాడు.

మా వాడు అప్పుడు లెక్క వేసుకున్నాడు. బొగ్గు గంపలకు గంపలు. పైన మట్టి. గాలి ఆడే దారి లేదు. పైగా దీపం వెలుగుతూనే ఉంది. అయ్యవారి నెమ్మదైన గొంతు చెవిలో వినిపిస్తోంది. రెండో ఎద్దును ఎక్కడ పోగొట్టావని అడుగుతోంది.

"నాయనా, దిగొద్దు," అన్నాడు. "లోపల ఒంటిగాలి ఉండాది."

మాలకొండయ్య ముఖం చిట్లించాడు. "ఒంటిగాలా? ఇదేం గాలిరా, ఎప్పుడూ ఇన్లేదు. ఆడదా, మొగదా?"

"దెయ్యం కాదయ్యా. బొగ్గులోంచి పుట్టిన గాలి. కంటికి కనపడదు. దీపం కూడా ఆరదు దానికి."

"దీపం ఆరలేదంటే ఏమీ లేనట్టే గదరా."

"ఒంటిగా తిరుగుతాదంటే పెళ్లి కాకుండా పోయినోళ్లదై ఉంటాది," అంది కడవ పట్టుకొని కూర్చున్న ఒక ముసలామె. చుట్టుపక్కలవాళ్లు అవునవునని తలలూపారు.

మా వాడికి ఏడుపొచ్చింది. తెలుగులో గాలికి ఇన్ని అర్థాలు పెట్టినవాడెవడో గానీ, ఆ పూట వాడు కనబడితే అంత పిరికివాడూ కలబడేవాడే. మాలకొండయ్య మాత్రం ముసలామె మాట పట్టుకున్నాడు.

"అట్టయితే ఇంకో గంప బొగ్గేసి వేపాకు పొగ పెడదాం. అది కూడా పోతాది."

మా వాడు పోయి ఆయన కాళ్లు పట్టుకున్నాడు. "వద్దయ్యా, మీకు పుణ్యముంటాది. నిప్పు పెట్టొద్దు. నిప్పులోనే పుట్టింది అది. నిప్పు పెట్టేకొద్దీ పెరుగుతాది."

అంతమందిలో ఒకడు కాళ్లు పట్టుకొని వణుకుతుంటే పెద్దకాపు అయినా కాస్త మెత్తబడతాడు. ఏం చేయాలో నువ్వే చెప్పమన్నాడు. కొత్తగాలి లోపలికి పోయేటట్టు చేయాలన్నాడు మా వాడు. దీపాన్ని పైకి లాగి, కానుగ కొమ్మలు కోసి పెద్ద మోపు కట్టి, తాడుతో బావిలోకి వదిలి, పైకీ కిందికీ ఆడించడం మొదలుపెట్టారు. బూడిద ఎగిసి పైకొచ్చింది. చేతులు నొప్పిపుట్టి ఒకరి తర్వాత ఒకరు తాడు అందుకున్నారు. నీడలు జరిగిపోయాయి. కడవలవాళ్లు గొణగడం మొదలుపెట్టారు.

"ఇంక చాలునా?" అని అడిగాడు మాలకొండయ్య.

చాలునో చాలదో మా వాడికి తెలియదు. ఎంతసేపు ఆడిస్తే ఒంటిగాలి పోతుందో ఎక్కంలో లేదు. అయ్యవారు చెప్పలేదు, తాను అడగలేదు. ఆ మాట పైకి చెప్పడానికి కూడా భయమేసి, తాడు తానే అందుకొని ఆడించసాగాడు.

"ఎంతసేపని ఆడిస్తారు, పక్కకు జరగండి," అంటూ పిచ్చయ్య లేచాడు. "నేను చూడని బావా. తల తిరిగితే లాగమంటాలే."

మా వాడు అప్పుడు అన్న మాట మా అవ్వ ఎప్పుడు చెప్పినా ఒక్కటే రకంగా చెప్పేది.

"నువ్వు చెప్పవు నాయనా. కాలు ఇరిగిననాడు కూడా చెప్పలేదు నువ్వు, పని అయ్యేదాకా కుంటుకుంటానే మోసినావు. తల నొస్తే ఓర్చుకుంటావు, ఓర్చుకోని ఆడే పడిపోతావు. ఓర్చుకోలేనోడే దిగాల. నేను దిగతాను."

పిచ్చయ్య కొడుకును పైనుంచి కిందికి చూశాడు. బావిలో సగం లోతుకే ఎద్దుల్ని బెదరగొట్టినవాడు. ఆ ఊళ్లో ఆ కథ తెలియనివాళ్లు లేరు, అయినా ఎవరూ నవ్వలేదు. పిచ్చయ్య దీపాన్ని మళ్లీ లోపలికి దింపించి, కొడుకు నడుముకు తాడు తానే కట్టాడు. కట్టిన ముడి ఊడదీసి మళ్లీ కట్టాడు. తర్వాత ఒక్కటే మాట చెప్పాడు.

"నోరు మూయొద్దు. దిగినకాడ్నించి ఏదో ఒకటి అంటానే ఉండు. గొంతు ఆగిందంటే లాగేస్తాను."

"ఏమనాల?"

"నీ పాఠం అప్పజెప్పు."

అలా దిగాడు మా ముత్తాత. కాళ్లు గాలిలో వేలాడుతుండగానే మొదలుపెట్టాడు. బొగ్గు ఒకటి, గాలి జోడు, జోడుగాలి ఒకటి. బొగ్గు రెండు, గాలి జోడు, ఒంటిగాలి రెండు. బావి గోడలకు తగిలి ఆ మాటలు తనకే తిరిగి వినిపిస్తున్నాయి. పైన ఆకాశం చిన్నదైపోతోంది. కింద దీపం దగ్గరవుతోంది. గొంతు వణుకుతోంది గానీ వరుస తప్పలేదు. మంత్రమేదో చదువుతున్నాడని పైనున్న ఆడవాళ్లు చేతులు జోడించారట.

అడుగుకు చేరాడు. బండ ఇంకా వెచ్చగానే ఉంది. దీపం పక్కన నిలబడి, ఎక్కం అంటూనే, తనకేమవుతోందో చూసుకున్నాడు. తల బరువుగా ఉంది, కాళ్లు తేలిపోతున్నాయి, గుండె దడదడ కొట్టుకుంటోంది. సరిగ్గా అయ్యవారు చెప్పిన గుర్తులే. లాగండి అని నోరు తెరవబోయాడు.

తెరవబోయి ఆగాడు. ఎందుకంటే పుట్టిన దగ్గర్నుంచీ ఆయనకు భయమేస్తే జరిగేదీ ఇదే. తల బరువెక్కడం, కాళ్లు తేలిపోవడం, గుండె దడ. కుక్క మొరిగినా ఇంతే, అయ్యవారు పేరు పెట్టి పిలిచినా ఇంతే. ఇది ఒంటిగాలో, తన పిరికితనమో ఎలా తెలుస్తుంది? పైన ఊరంతా దాహంతో ఉంది. ఇప్పుడు లాగమంటే, లోపల ఏమీ లేకపోతే, ఈ పిరికివాడు మళ్లీ కేక పెట్టాడంటారు. నాయన తల దించుకుంటాడు.

ఈసారికి భయం మాట వినకూడదనుకున్నాడు. జీవితంలో మొదటిసారి అలా అనుకున్నాడు, అదే కొంప ముంచబోయింది. నాలాంటివాణ్ణి అడిగితే చెబుతాను, ధైర్యమనేది అన్ని చోట్లా మంచిది కాదు. సుత్తి దించమని పైకి చెప్పే ముందు ఇంకాసేపు ఆగుదామని బండమీద కూర్చున్నాడు. కూర్చుంటే హాయిగా అనిపించింది. ఆశ్చర్యంగా ఆ భయం కూడా పోయింది. పుట్టి బుద్ధెరిగాక భయం లేకుండా కూర్చోవడం అదే మొదలట. ఎంత బాగుందో అని తర్వాత కోడలితో చెప్పాడట. నోరు మాత్రం ఆగలేదు, ఎక్కం దానంతటది నడుస్తోంది.

పైన పిచ్చయ్య బావి అంచున బోర్లా పడుకొని చెవి కిందికి పెట్టి వింటున్నాడు. తాడు మరో నలుగురి చేతుల్లో ఉంది. లోపలి నుంచి మాటలు నిదానంగా, స్పష్టంగా వస్తున్నాయి.

"బొగ్గు ఒకటి, గాలి జోడు, ఒంటిగాలి ఒకటి."

పిచ్చయ్య ఎగిరి లేచాడు. "లాగండి."

"ఏమైందిరా, మాట్లాడతానే ఉండాడు గదా," అన్నాడు మాలకొండయ్య. "ఇప్పుడే గదా వణుకు తగ్గి బాగా చదవతా ఉండాడు."

"తప్పు చెప్పినాడు. లాగండి."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుండగానే పిచ్చయ్య తాడు అందుకొని వెనక్కు వాలి లాగాడు. అది చూసి మిగతావాళ్లూ లాగారు. తాడు సగం చుట్టుకొచ్చేసరికి లోపలి మాట ఆగిపోయింది. పైకి వచ్చింది వేలాడే తల, వేలాడే చేతులు. ముఖం ఎర్రగా, జబ్బు చేసినవాడిలా కాక పెళ్లికొడుకులా కళకళలాడుతోందట. ఆ ఎరుపు ఒంటిగాలి పని అని నాకు తెలుసు. వాళ్లకేం తెలుసు, బాగానే ఉన్నాడనుకున్నారు. పిచ్చయ్య ఒక్కడే వాడి చెంపలు వాయించి, రొమ్ము రుద్ది, విసిరి విసిరి గాలి కొట్టి, పేరు పెట్టి పిలుస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి వాడు కక్కుకొని కళ్లు తెరిచాడు. కింద బండమీద దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

ఆ తర్వాత ఇక బావిలోకి దిగమని ఎవరూ ఎవరినీ అనలేదు. ఊరంతా వంతులేసుకొని కొమ్మలు ఆడించారు. బాగా ఆలస్యంగా, గాలి మారిందని నమ్మకం కుదిరాక పిచ్చయ్య దిగి బండ పగలగొట్టాడు. ఊట సన్నగా వచ్చింది, బురదగా వచ్చింది, అయినా ఊరు నిలిచింది. ఆ నీళ్లు ఒంటిగాలి అనే దెయ్యాన్ని మంత్రం చదివి తరిమినందుకు వచ్చాయని పల్లె లెక్క. వరికుంటపాడు వైపు నుంచి కూడా మనుషులు ఆ మంత్రం చెప్పమని వచ్చారట. మిషన్ పెద్దలకు ఆ కబురు తెలిసి మా వాణ్ణి పిలిచి గట్టిగానే అడిగారు. ఆయన వణుకుతూ ఎక్కం అప్పజెప్పాడు. వాళ్లకు ఏమీ అర్థం కాక వదిలేశారు.

తర్వాతి బతుకు పెద్ద విశేషమేమీ కాదు. పై క్లాసు గట్టెక్కాడు. ఉదయగిరి దగ్గర చిన్న బడిలో అయ్యవారయ్యాడు. పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. కుక్కలకు భయపడుతూనే ముసలివాడయ్యాడు. తన దగ్గర చదువుకొనే పిల్లలెవరైనా భయమేస్తోందని చెబితే, ఎందుకురా అని మందలించేవాడు కాదు. ఎక్కడేస్తోంది, ఎలా ఉంది అని అడిగి పూర్తిగా వినేవాడు.

మా అవ్వ ఈ కథను నీళ్లు పడటంతో ముగించేది కాదు. వాడు కళ్లు తెరిచిన ఆ సాయంత్రానికే మళ్లీ వచ్చి ఆగేది.

జనం కొమ్మల పనిలో పడ్డారు. తండ్రీకొడుకులిద్దరే గోడనీడన ఉన్నారు. మా వాడికి తల పగిలిపోతోంది. నాయన ఒళ్లో తల పెట్టుకొని పడుకున్నాడు. పిచ్చయ్యకు అక్షరం ముక్క రాదు. సున్న చుట్టడం కూడా రాదు. ఆ సంగతి అప్పటికి గుర్తొచ్చింది వాడికి.

"నాయనా, నేను తప్పు చెప్పినానని నీకెట్టా తెలిసింది?"

పిచ్చయ్య అరచేత్తో కొడుకు నుదుటి చెమట తుడిచాడు.

"ఆత్మకూర్లో రోజూ చదివేవోడివి గదా," అన్నాడు. "నువ్వు తప్పు చెబితే బళ్లోంచి ఎళ్లగొడతారని, నీకు ముద్ద లేకుండా పోతాదని, పానం అరచేతిలో పెట్టుకోని ఇనేవోణ్ణి. నువ్వు ఆ 'ఒంటిగాలి రెండు' అనేదాకా నాకు నిద్ర యాడ పట్టిందిరా."